ముత్తాత బొమ్మకు టోపీ ఎవరు పెట్టారు?

తెలుగు నేల మీద ముస్లింల చరిత్ర అనగానే మన పుస్తకాలు కోటలకూ దర్బారులకూ తీసుకుపోతాయి. నెల్లూరు సీమ దాకా వస్తే ఆర్కాటు నవాబు మహమ్మదలీ తమ్ముడు నజీబుల్లా నెల్లూరులో ఉండి 1757లో అన్న మీదే తిరగబడ్డాడని రెండు వాక్యాలు దొరుకుతాయి. ఆ రెండు వాక్యాల్లో మేము లేము. మా వాళ్ళు కోటలు కట్టలేదు, ఏలలేదు. కాలవ మీద పడవలు నడిపారు. గూడూరు చుట్టుపక్కల మైకా గనుల్లో కూలికి పోయారు. దూది ఏకారు, బట్టలు కుట్టారు, సంతల్లో అంగళ్ళు పెట్టారు. 1873లో బాస్వెల్ దొర రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ లాంటి లావు పుస్తకాల్లో భూముల సంగతీ శిస్తు సంగతీ వెతుక్కోవచ్చు. పడవ తాడు లాగిన మనిషి ఏం మాట్లాడాడో వెతకాలంటే ఎక్కడికి పోవాలి?

మా ఇళ్ళకే రావాలి. నానీల దగ్గరకూ ఖాలాల దగ్గరకూ రావాలి. వేసవి రాత్రుల్లో వాకిట్లో మంచాలేసుకుని చెప్పుకునే మాటల దగ్గరకు రావాలి. ఆ మాటల్లో ఒకదాన్ని బొమ్మలు కదిలే ఐదు నిమిషాల డాక్యుమెంటరీగా తీద్దామని మా ఇంటి పిల్లలూ మేమూ కలిసి కూర్చున్నాం. అక్కడ మొదలైన తగవు ఒక్క బొమ్మ గురించే. కానీ అది మా అస్తిత్వం తగవే కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ముందు మాట చెప్పాలి.

చిల్లకూరు గూడూరు పక్కనే ఉంది. మండలం తూర్పు అంచుకు పోతే బకింగ్‌హామ్ కాలవ, ఆ అవతల సముద్రం. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు కోక్రేన్ అనే తెల్ల వ్యాపారి తవ్వించిన ఉప్పునీటి కాలవ అది. ఏళ్ళ తరబడి ఉత్తరానికీ దక్షిణానికీ పొడుగైంది. 1876–78 నాటి ధాత కరువులో ఆకలితో వచ్చిన జనం చేత మద్రాసు ఊళ్ళో మధ్య ముక్క తవ్వించి రెండు వైపులనూ కలిపారు. 1878లో గవర్నరు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల కాలవ. తవ్విన వాళ్ళ పేరు ఒక్కటీ దానికి లేదు. మా కోస్తా నుంచి సరుగుడు కట్టెలు, ఉప్పు, బొగ్గు దాని మీదే మద్రాసు పోయేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్ళు.

మా నానీ వాళ్ళ అబ్బా అట్లాంటి పడవ మనిషి.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తర్వాత మద్రాసే అన్నారు. వారం పది రోజుల్లో మద్రాసు నుంచి లక్షల మంది వెళ్ళిపోయారు. ప్రభుత్వ కార్యాలయాలు కూడా ఊరు వదిలాయి. రైళ్ళలో కాలు పెట్టే సందు లేదు. మా ముత్తాత కట్టెలు దించి ఖాళీ పడవతో తిరిగి వస్తుంటే, పెట్టెలూ మూటలూ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ ఒక కుటుంబం పిలిచింది. గూడూరు వైపు పోవాలన్నారు. ఎక్కించుకున్నాడు. వాళ్ళు ఎవరో నానీ చెప్పదు. 'పెద్దోళ్ళు' అంటుంది, అంతే.

రెండో రోజుకు వాళ్ళ కూజా ఖాళీ అయింది. కాలవ నీళ్ళు ఉప్పు, నోట పెట్టలేరు. పడవలో ఉన్నది మా ముత్తాత కుండ ఒక్కటే. పసిబిడ్డ ఏడుస్తోంది. ఆ కుటుంబంలో ముసలమ్మ నీళ్ళు అడగలేదు. ముందు పేరు అడిగింది.

'నీ పేరేందబ్బాయ్?'

'కసుమూరు సామి పేరమ్మా' అన్నాడట.

నెల్లూరు వాళ్ళకు ఆ జవాబు వెంటనే అర్థమవుతుంది. కసుమూరు మస్తాన్ వలి దర్గాకు మొక్కుకుని పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం మా వైపు అందరికీ ఉంది. మస్తాన్ వలీ ఉంటాడు, మస్తానయ్యా ఉంటాడు. మస్తాన్ బీ ఉంటుంది, మస్తానమ్మా ఉంటుంది. పేరు విని మతం చెప్పలేరు. మా ముత్తాత అబద్ధం ఆడలేదు. నిజం కూడా పూర్తిగా చెప్పలేదు. ముసలమ్మకు ఏది వినాలనిపించిందో అది వింది. నీళ్ళు తాగారు.

చివరి రోజు తెల్లవారుజామున పడవ గట్టుకు చేరింది. మా ముత్తాత దిగి, ఉజూ చేసుకుని ఫజర్ నమాజుకు నిలబడ్డాడు. పడవలో వాళ్ళు చూశారు.

ఆ తర్వాత ఏం జరిగింది? మా ఇంట్లో మూడు జవాబులున్నాయి. ముసలమ్మ నవ్వి 'మా తమ్ముడిదీ ఆ సామి పేరేలే' అందని మా నానీ చెబుతుంది. నవ్వడం కాదు, చేతిలో పెట్టాల్సిన డబ్బు పడవ చెక్క మీద పెట్టి, మిగిలిన నీళ్ళు కాలవలో పారబోసి పోయారని నానీ చెల్లెలు చెబుతుంది. మా మామూ లెక్క వేరు. భయపడి పారిపోతున్న వాళ్ళ దగ్గర ఆయన రెండింతలు బాడుగ గుంజాడనీ, అది మనసులో గుచ్చుకుని ఆ పూట నమాజు ఎక్కువ సేపు చదివాడనీ అంటాడు. ముగ్గురూ ఆయన నోటి నుంచే విన్నామంటారు.

ఇదీ కథ. ఫోటో లేదు. కాగితం లేదు. పడవ కూడా లేదు. 1960ల నాటి తుపాన్లూ ఆ తర్వాత పెరిగిన లారీలూ కలిసి కాలవ రవాణాను చంపేశాయి. ఫోటో లేని చోట డాక్యుమెంటరీ ఎట్లా తీస్తారు? కాబట్టే బొమ్మలు గీద్దామనుకున్నాం. చెప్పేవాళ్ళ గొంతు అసలుది, కనిపించేది గీసింది. ముందు గొంతు రికార్డు చేయాలి. దాన్ని ఐదు నిమిషాలకు కుదించాలి. గొంతును బట్టి ఒక్కో సన్నివేశానికీ ఒక్కో బొమ్మ గీసి గోడకు వరసగా అంటించుకోవాలి. ఆ తర్వాతే కదలిక. సినిమా సెకనుకు ఇరవై నాలుగు చట్రాలు నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండు చట్రాలు నిలబెట్టినా సెకనుకు పన్నెండు బొమ్మలు, ఐదు నిమిషాలకు 3600. అన్నీ కొత్తగా గీసే ఓపిక మాకు లేదు. అట్టముక్కలతో చేతులూ కాళ్ళూ విడివిడిగా కత్తిరించి, కొంచెం కొంచెం జరుపుతూ పై నుంచి ఫోటోలు తీద్దామనుకున్నాం. మన తోలుబొమ్మలాట వాళ్ళు అవయవాలు విడిగా కోసి దారంతో కట్టి ఆడించే పద్ధతే ఇది. లొట్టే రైనిగర్ అనే జర్మన్ మహిళ 1926లో అలిఫ్ లైలా కథల నుంచి రాకుమారుడు అహ్మద్ కథ తీసుకుని, నల్ల కాగితపు నీడబొమ్మలతో పూర్తి నిడివి సినిమా తీసింది. అంటే ఈ రెండింటికీ చుట్టరికం పాతదే.

మా ఇంటి పిల్లవాడు మొదటి బొమ్మ గీశాడు. తెల్ల టోపీ, మీసం లేని గడ్డం, కళ్ళకు సుర్మా, పొడుగు చొక్కా. పడవ మీద నిలబెట్టాడు. తీసుకుపోయి నానీకి చూపించాం.

'ఏ కౌన్ రే?' అంది. 'ఎవుర్రా ఈ సాయిబు?'

కన్నకూతురికి తండ్రి బొమ్మ గుర్తు పట్టలేదు. పిల్లవాడు బొమ్మ సరిగా గీయలేకనా? కాదు. చక్కగానే గీశాడు. కానీ వాడు గీసింది తన ముత్తాతను కాదు, తెలుగు సినిమాలో సాయిబును. 'భిన్నత్వంలో ఏకత్వం' అని బడి గోడ మీద నలుగురు నిలబడి ఉంటారే, అందులో టోపీ పెట్టుకున్న మనిషిని. మమ్మల్ని మేము గీసుకునేటప్పుడు కూడా పెన్సిలు వాళ్ళదే అవుతోంది. ముస్లిం పిల్లవాడి చేయి ముస్లిం ఇంట్లో కూర్చుని ముస్లిం తాతను పరాయివాణ్ణి చేసింది. పరాయీకరణ గురించి వ్యాసాల్లో చాలా చదివాం. ఆ రోజు అది మా వంటింటి గుమ్మం దగ్గర, చార్టు కాగితం మీద కనిపించింది.

రెండో బొమ్మ గీశాం. ఈసారి మాలో కొందరు అటు కొసకు పోయారు. టోపీ వద్దు, గడ్డం వద్దు, చివర్లో నమాజు కూడా వద్దు. గూడూరు సంతలో ఏ మనిషో అట్లా ఉంటే చాలు, 'మేమూ మీలాంటి వాళ్ళమే' అన్నట్టు ఉంటుందన్నారు. ఈ వాదన వెనక ఉన్న భయం మాకు తెలుసు. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా వచ్చినప్పుడు పంతొమ్మిది లక్షల మందికి పైగా అందులో లేరు. అదే ఏడాది డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ చలికాలం మా ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలన్నీ తెరుచుకున్నాయి. పుట్టిన తేదీ ఎక్కడ? తాత పేరున్న పట్టా ఎక్కడ? బడి సర్టిఫికెట్టు ఎక్కడ? నానీ పెట్టెలో దొరికింది ఒక పాత తస్బీ, రెండు రేషన్ కార్డులు, ఈ కథ. అసలు ఈ సినిమా ఊహ పుట్టింది ఆ పెట్టె ముందే. కాగితం లేదు కాబట్టి కథను కాగితంగా చూపిద్దామన్న ఆత్రం మాలో ఉంది. ఒప్పుకుంటున్నాం.

కానీ కథను కాగితం చేస్తే కథ చచ్చిపోతుంది. రుజువు కావాలంటే మా ముత్తాత మంచివాడుగా తేలాలి. ఆపదలో ఆదుకున్న సాయిబు కావాలి. నానీ చెప్పిన ముగింపు ఒక్కటే ఉంచి, చెక్క మీద పెట్టిన డబ్బునూ పారబోసిన నీళ్ళనూ రెండింతల బాడుగనూ కోసేయాలి. అప్పుడు సభల్లో చప్పట్లు పడతాయి. ఎవరికోసం ఆ చప్పట్లు? ఉపకారం చేస్తేనే మనిషిగా లెక్కకు వచ్చే స్థితి ఎవరిది? పొరుగు పడవ వాడు బాడుగ ఎక్కువ అడిగితే అది వాడి బేరం, మా ముత్తాత అడిగితే అది మా జాతి గుణం. ఈ లెక్క తప్పనే కదా ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పటి నుంచి తెలుగులో ముస్లిం రచయితలు మొత్తుకుంటున్నది? సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల త్యాగాలను పుస్తకాల మీద పుస్తకాలుగా వెలికితీశారు. ఆ పని ఎంతో అవసరం, దానికి మేమందరం రుణపడి ఉన్నాం. అయితే త్యాగం చేయని ముస్లిం కూడా చరిత్రలో ఉండాలి. భయపడినవాడు, బేరమాడినవాడు, దాహం వేసినవాళ్ళ ముందు తన పేరును సగం చెప్పి ఊరుకున్నవాడు కూడా ఉండాలి.

ఈ పని చేసిన మొదటివాళ్ళం మేము కాదు. నీనా సబ్నానీ 2005లో 'ముకంద్ అండ్ రియాజ్' అనే చిన్న యానిమేషన్ సినిమా తీశారు. 1947లో కరాచీ వదిలి వచ్చిన తన తండ్రికి అక్కడి ముస్లిం స్నేహితుడి గురించి మిగిలిన జ్ఞాపకం అది. సింధు ప్రాంతపు ఆడవాళ్ళు గుడ్డముక్కలు అతికి కుట్టే పనితనాన్నే ఆమె బొమ్మలకు తీసుకున్నారు. పోగొట్టుకున్న ఊరిని ఆ ఊరి కుట్టుతోనే చూపించారు. 2009లో 'టాంకో బోలే ఛే' తీసినప్పుడు ఇంకో అడుగు వేశారు. కచ్‌లోని ఆడవాళ్ళ జీవితాన్ని వాళ్ళే కుట్టిన బొమ్మలతో, వాళ్ళ గొంతులతోనే చెప్పించారు. గీసే చేయీ చెప్పే నోరూ ఒక ఇంటివే అయినప్పుడు బొమ్మ తప్పినా సరిదిద్దే మనిషి పక్కనే ఉంటుంది. మాకు నానీ ఉన్నట్టు.

చెడ్డ ఉదాహరణ కూడా చెప్పాలి. 1915 మే 7న లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది. దాదాపు పన్నెండు వందల మంది పోయారు. అక్కడ కెమెరా లేదు. అమెరికాలో విన్సర్ మెకే అనే చిత్రకారుడు ఆ మునకను సుమారు ఇరవై ఐదు వేల బొమ్మలుగా గీసి 1918లో సినిమాగా వేశాడు. బొమ్మల డాక్యుమెంటరీలకు దాన్నే ఆదిగా చెబుతారు. కళ్ళముందు జరిగినట్టే ఉంటుంది. అయితే ఆ బొమ్మలు యుద్ధకాలంలో జర్మన్ల మీద పగ రగిలించడానికే గీసినవి. కెమెరా లేని చోట బొమ్మ సాక్ష్యంగా నిలబడితే ఏమవుతుందో చూడండి. గీసినవాడి కోపమే చూసినవాడి జ్ఞాపకం అవుతుంది. మా నానీ చెల్లెలు చెప్పిన ముగింపు ఒక్కటే మేము గీసినా అదే జరుగుతుంది. అందుకే ఇది మా ఇంట్లో చెప్పుకునే మాట అని సినిమాలో మొదటే రాయాలని నిర్ణయించుకున్నాం.

ముత్తాత జవాబు గురించి మాలో ఉన్న సిగ్గును పోగొట్టింది ఇంకో సినిమా. 2021లో డెన్మార్క్ నుంచి వచ్చిన 'ఫ్లీ'. కాబూల్ నుంచి పారిపోయిన ఒక ఆఫ్ఘన్ తన కథను స్నేహితుడైన దర్శకుడికి చెబుతాడు. పేరు మార్చారు. ముఖం దాచడానికే బొమ్మ గీశారు. ఆశ్రయం దొరకడం కోసం తనవాళ్ళంతా చనిపోయారని అతను ఏళ్ళ తరబడి అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఆ అబద్ధం ఆడించింది ఎవరు? అతని గుణమా, సరిహద్దు దగ్గర కూర్చున్న లోకమా? కాలవ మీద ముసలమ్మ నీళ్ళ కన్నా ముందు పేరెందుకు అడిగింది? ఆ ప్రశ్న ఆమెను అడగకుండా, మా ముత్తాతను మాత్రం సగం జవాబు ఎందుకు చెప్పావని అడగడం ఏం న్యాయం?

మా లోపలి నుంచి కూడా ఒక అభ్యంతరం వచ్చింది. ప్రాణమున్న వాటి బొమ్మ గీయడం తగదని మా పెద్దల్లో ఒకరు అన్నారు. ఆయన్ను మేము ఎగతాళి చేయలేదు. ఆ నమ్మకం ఆయనది. కానీ ముస్లింల చరిత్రలో బొమ్మ లేదన్నది మాత్రం నిజం కాదు. అక్బరు కాలంలో హమ్జానామాను పదిహేనేళ్ళ పాటు సుమారు పద్నాలుగు వందల పెద్ద బొమ్మలుగా గుడ్డ మీద వేయించారు. బొమ్మ ఒక పక్క, కథ ఇంకో పక్క. దాస్తాన్ చదువుతూ బొమ్మ చూపించడానికి వీలుగా అట్లా చేశారంటారు. ఇంకోటి, హజ్ దరఖాస్తుకు మేము ఫోటో ఇస్తాం, ఓటరు కార్డుకు ఇస్తాం. సర్కారు అడిగితే ఇచ్చే ముఖాన్ని మా పిల్లలు అడిగితే ఎందుకు ఇవ్వకూడదు? పెద్దాయన కాసేపు ఆలోచించి, 'ముఖం మరీ దగ్గరగా చూపించకండి' అన్నారు. ఆ మాట మన్నించాం. సినిమాలో ఆయన గొంతు కూడా ఉంటుంది.

కథ జరిగిన చోటు కూడా కరిగిపోతోంది. చిల్లకూరు తీరంలో సిలికా ఇసుక తవ్వుతున్నారు. తమ్మినపట్నం దగ్గర విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. 2025 జనవరిలో చిల్లకూరు, కోట మండలాల పారిశ్రామిక నగరానికి శంకుస్థాపన జరిగింది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు చిల్లకూరును నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మార్చారు. 2008లో కాలవను జాతీయ జలమార్గంలో చేర్చారు, మా వైపు పడవ మాత్రం తిరిగి రాలేదు. 2004 డిసెంబరు 26 సునామీ నాడు సముద్రం పొంగి వస్తే ఈ పాత కాలవే చాలా చోట్ల నీటిని తనలోకి తీసుకుని ఊళ్ళను కాసింది. అంత చేసినా దాని గట్టు ఎక్కడుందో రేపటి పిల్లలకు చూపించాలంటే మేము గీసిన బొమ్మే గతి కావచ్చు. అందుకని గట్టునూ తాడునూ లాకునూ ఊహించి గీయడం లేదు. మిగిలిన ముసలి పడవ మనుషుల దగ్గర కూర్చుని అడిగి గీస్తున్నాం.

ఇక టోపీ సంగతి. తగవు తీరక మళ్ళీ నానీ దగ్గరికే పోయాం. ఈసారి బొమ్మ చూపించలేదు, అడిగాం. 'మీ అబ్బా ఎట్లా ఉండేవాడు నానీ?'

గళ్ళ లుంగీ, తలకు తువ్వాలు అంది. చొక్కా పండక్కే అంది. తాడు లాగీ లాగీ కుడి భుజం కిందికి వాలిపోయి ఉండేదంది. గడ్డం ఉండేదా అంటే, మద్రాసు పోయినప్పుడు గీయించుకునేవాడు, ఇంటి దగ్గర పెరిగేది అంది. మరి టోపీ? చిన్న డబ్బాలో మడిచి, పొగాకు పొట్లం పక్కన పెట్టుకునేవాడట. నమాజు వేళకు తీసి, దులిపి పెట్టుకునేవాడట.

మా మొదటి బొమ్మా తప్పే, రెండో బొమ్మా తప్పే. మొదటిది ఆయనకు రోజంతా టోపీ పెట్టింది. రెండోది ఎప్పటికీ పెట్టనివ్వలేదు. మూడో బొమ్మ గీస్తున్నాం. వాలిన కుడి భుజం, తలకు తువ్వాలు, పడవలో నీళ్ళ కుండ, పొగాకు పొట్లం పక్కన చిన్న డబ్బా. ముసలమ్మ పేరు అడుగుతుంది. ఆయన చెప్పిన జవాబే చెబుతాడు. మూడు ముగింపులూ ముగ్గురి గొంతుల్లోనే వస్తాయి, ఏదీ కొట్టేయం. వాటికి ముందు తెల్లవారుజామున పడవ గట్టుకు తగులుతుంది. ఆయన దిగి డబ్బా తెరుస్తాడు. టోపీ ఆయనే పెట్టుకుంటాడు.